ఒంటరి యుద్ధక్రీడ: లేని శత్రువును కల్పించుకొను విధము

బల్లమీద చిన్న చిన్న సేనలను నిలిపి, కొలబద్దతో నడక దూరములను కొలిచి, పాచికలతో దెబ్బలను నిర్ణయించుచు ఆడెడి యాటకు యుద్ధక్రీడ యని పేరు. ఇది చదరంగమునకు దాయాది. చదరంగమున గడులుండును; ఇందు గడులకు మారుగా కొండలు, వాగులు, తోపులు, గ్రామములు ఉండును. బల్లపై పరచిన దుప్పటి క్రింద రెండు పుస్తకముల నుంచినచో అది కొండ. నీలి కాగితపు పేలిక వాగు. సేనలకు సీసపు బొమ్మలే కావలెనను నియమము లేదు. గురివింద గింజలు ఒక పక్షమునకును, చింతపిక్కలు మరియొక పక్షమునకును చాలును.

ఈ యాటకు ఇద్దరు కావలెను. ఇద్దరు దొరకుట యెల్లప్పుడును సాధ్యము కాదు. సెలవులలో పల్లెకు పోయిన బాలునకు, తోడివారందరును వెడలిపోయిన పిమ్మట వసతిగృహమున మిగిలిన వానికి, వ్యాధిచే మంచము పట్టినవానికి, ఈ యాటయందు అభిరుచి గల రెండవవాడు ఎక్కడనుండి వచ్చును? అట్టివాడు ఒక్కడే యిరుపక్షముల నాడవలసి వచ్చును. ఆడ మొదలిడిన అరగంటకే వానికి విసుగు పుట్టును. ఆ విసుగునకు కారణమేమి, దానిని పోగొట్టు నుపాయములు ఎవ్వి యను విషయమును గూర్చి ఇచ్చట కొంత వ్రాయదలచితిని.

కాలియెముక విరిగి రెండు మాసములు మంచముమీద నుండిన విద్యార్థి యొకడు ఈ యాటను నేర్చుకొనియుండెను. నేను చూడబోయినప్పుడు వాడు ఒడిలోని పలకపై రెండు సేనలను నిలిపి, ఏమియు చేయక చూచుచుండెను. ఆడవేమని యడుగగా, “మేష్టరుగారూ, నన్ను నేనే యెట్లు మోసగింతునండీ?” యని బదులు చెప్పెను. ఈ విషయమునందలి చిక్కంతయు ఆ ప్రశ్నలో నున్నది. కుడిచేతితో పన్నిన ఉచ్చు ఎడమచేతికి తెలియకుండ నుండదు. కొండవెనుక నశ్వదళమును దాచినవాడే కొండకు ముందున్న పదాతులను నడపవలెను. అప్పుడు రెండు దోషములలో నొకటి తప్పక కలుగును. ఆటగానికి మనసున నొక పక్షముపై మక్కువ యున్నచో, తానెరుగకయే రెండవ పక్షముచేత తెలివితక్కువ పనులు చేయించును. అట్టి మక్కువ లేనివాడైనచో ఇరుపక్షములును అన్నిటిని ముందుగనే యెరిగిన మహామేధావులై, ఒకరిజోలికి ఒకరు పోక కూర్చుందురు. మొదటిది అన్యాయము, రెండవది నిద్ర.

ఈ యాట పుట్టిన చోటును కొంచెము చూచినయెడల చిక్కు విడుమార్గము కనబడును. ప్రష్యాదేశమున రైస్విట్జు అనునతడు 1812 సంవత్సరమున, తీసి మార్చుకొనదగిన పలకలతో నేలయొక్క మిట్టపల్లములను చూపునట్టి యొక బల్లను చేయించి రాజునకు సమర్పించెను. సైనికోద్యోగియైన ఆతని కుమారుడు ఆ యాటను సవరించి 1824లో నియమములను ప్రకటించెను. బల్లకు మారుగా దేశపటము వచ్చెను. ఒక్కొక్క వంతు యుద్ధభూమిపై రెండు నిమిషముల కాలమునకు సమానమని నిర్ణయింపబడెను. వీనియన్నిటికంటెను ముఖ్యమైనది మధ్యవర్తి యనువాడు. ఆటగాండ్రు తమ యాజ్ఞలను చీటిపై వ్రాసి మధ్యవర్తికి ఇచ్చుచుండిరి. ఆతడు వానిని నెరవేర్చి, పాచికలతో ఫలితములను తేల్చి, యెవనికి ఎంతవరకు కనబడునో అంతవరకే పటముపై చూపుచుండెను. శత్రువు తోపుచాటున నున్నచో, వాని గుర్తు పటముపై నుండదు.

కావున ఆ యాటలో మూడు బుద్ధులు పనిచేయుచుండెను: తనవాడు, పరవాడు, ఇరువురి మర్మములు నెరిగిన మధ్యవర్తి. ఒంటరియాటలో ఈ మూడును ఒక్క తలలో చేరినవి. తలను మూడు చేయలేము గనుక, రెండు పనులను తలకు వెలుపల నున్న వస్తువులకు అప్పగింపవలెను. ఆ వస్తువులే పాచికలు, పేకముక్కలు, మడిచిన చీటీలు.

ఇంగ్లండునం దీ క్రీడను ఇంటింటి యాటగా చేసినవారిలో హెచ్. జి. వెల్సు ముఖ్యుడు. 1913లో ప్రకటించిన తన చిన్న పుస్తకమునందు ఆతడు పాచికలకు చోటీయలేదు. చిన్న తీగచుట్టతో పనిచేయు బొమ్మఫిరంగిని గురిచూచి పేల్చుటయే. గుండు తగిలి పడిన బొమ్మ చచ్చినట్లు. ఆతనికి ముందు, 1880 దాటిన చలికాలములయందు, ఊపిరితిత్తుల వ్యాధిచే స్విట్జర్లండునందలి దావోసులో నుండిన ఆర్. ఎల్. స్టీవెన్సను తన భార్యయొక్క మొదటి వివాహపు కుమారునితో నిట్టి యుద్ధములనే నేలపై ఆడెను. ఈ యాటలయందు వింత యంతయు ఎదుటివాని బుద్ధినుండియు, గురి తప్పుటనుండియు పుట్టినది. ఎదుటివానిని తీసివేయుడు, మిగిలినది గురి తప్పుట మాత్రమే. అది చాలదు. డోనాల్డు ఫెదరుస్టోను అను ఆంగ్లేయుడు 1973లో ఒంటరి యుద్ధక్రీడను గూర్చియే యొక పుస్తకమును వ్రాయవలసివచ్చుటకు కారణ మిదియే.

పాచికలు హెచ్చుగ వేసినంత మాత్రమున ఆట రుచించునని కొందరు తలంతురు. అది పొరపాటు. మన యిండ్లలో ఆడు నాటలనే చూడుడు. వైకుంఠపాళిలో సమస్తమును గవ్వలచేతిలో నున్నది. ఆటగాడు చేయు నాలోచన యేమియు లేదు. పులిజూదమున గవ్వలు లేవు, అంతయు నాలోచనయే. పచ్చీసునందు గవ్వలు ఎంత పడునో మన వశము కాదు. పడినదానితో ఏ కాయను నడుపవలెనో మన వశము. యుద్ధక్రీడ ఈ మూడవ జాతికి చెందవలెను. అయితే యాదృచ్ఛికము ఎంత యుండవలెనను ప్రశ్నకంటె ఎచ్చట నుండవలెనను ప్రశ్న ముఖ్యమైనది. నిజమైన సేనాని యెరుగజాలని విషయములు కొన్ని కలవు: కొండ కావల నున్నదేమి, తోడ్పాటుసేన యెప్పుడు వచ్చును, పంపిన యాజ్ఞ యందునా, శత్రువు తలపెట్టినదేమి. వీనిని పాచికకు విడువవలెను. తెలిసినదానినిబట్టి తానేమి చేయవలెనను నిర్ణయము మాత్రము ఆటగానిదే. ఈ హద్దును దాటి తన సేనాని కుడికి పోవునా ఎడమకు పోవునా యనికూడ పాచికను అడుగువాడు, దుప్పటిపై వైకుంఠపాళి నాడుచున్నాడు.

పాచికల గుణమును గూర్చి ఒక్కమాట. ఒక్క పాచికయందు ఆరు ముఖములకును సమానావకాశము. రెండు పాచికల మొత్తము అట్లు కాదు: 36 విధములలో 7 వచ్చుటకు 6 విధములు, 2 వచ్చుటకు ఒకటే విధము, 12 వచ్చుటకును ఒకటే. పాచికలు లేనియెడల అష్టాచెమ్మాకు వాడు నాలుగు గవ్వలే చాలును. గవ్వ వెల్లకిల పడుటకును బోరగిల పడుటకును సమానావకాశమని యెంచినచో, 16 విధములలో రెండు వెల్లకిల పడుట 6 విధములు, ఒకటి గాని మూడు గాని పడుట నాలుగేసి విధములు, ఏమియు పడకుండుట గాని నాలుగును పడుట గాని యొక్కొక్క విధము. సాధారణముగా జరుగు పనిని నడిమి సంఖ్యకును, అరుదైనదానిని కొనసంఖ్యకును కట్టవలెను. అట్లు చేసినచో అద్భుతములు ప్రతి వంతునను జరుగక, జరిగిననాడు నిజముగా అద్భుతములగును.

ఇక నుపాయములు. వీనిలో మొదట చేయదగినది వంతులను కలియబెట్టుట. సామాన్యముగా ఒక పక్షమంతయు నడచిన పిమ్మట రెండవ పక్షము నడచును. ఒంటరివానికి ఇది హాని. ఏ పక్షము తరువాత ఏ పక్షము వచ్చునో తెలిసి రెంటిని జోడించి యాలోచించును. ఇందుకు మారుగా పక్షమునకు ఐదేసి దళము లున్నవనుకొనుడు. పది పేకముక్కలపై పది దళముల పేర్లు వ్రాసి, కలిపి, బోర్లించి, ఒక్కొక్కటి తీయుచు, తీసిన దళమునే నడుపవలెను. ప్రతి దళమునకును వంతు వచ్చును గాని, ఎప్పుడు వచ్చునో తెలియదు. శత్రువుయొక్క అశ్వదళము ముందు కదలునా, మన ఫిరంగి ముందు పేలునా యని ముక్క తీయునప్పుడు కలుగు గుండెదడ, ఎదుట మనుష్యుడు లేడను మాటను మరపించును.

దీనికే మరియొక మెరుగు కలదు. ఆ పదింటిలో ‘ముగింపు’ అను పదునొకండవ ముక్కను కలుపుడు. అది రాగానే ఆ వంతు ముగిసినట్లు. అంతవరకు పేరు రానివారు కదలరు. కొందరు ఆంగ్లేయ క్రీడాకారులు దీనికి ‘తేనీటి విరామము’ అని ముద్దుపేరు పెట్టిరి. అయితే లెక్క చూచుకొనవలెను. ఒక దళపు ముక్కయు ముగింపు ముక్కయు, ఈ రెంటిలో ఏది ముందు వచ్చుటకైనను సమానావకాశమే గనుక, ఏ దళమైనను రెండు వంతులకు ఒకమారు మాత్రమే కదలునని తేలును. నా యభిప్రాయమున ఇది మితిమీరిన సోమరితనము. రెండు ముగింపు ముక్కలను కలిపి, రెండవది వచ్చినప్పుడే వంతు ముగించినయెడల, ఆ మూడు ముక్కలలో దళపు ముక్క కడపటిది కాకున్న చాలును. అనగా మూడింట రెండుమార్లు కదలును. ఇది మనుష్యుల సేనకు తగియున్నది. పై తరగతుల బాలురు ఈ లెక్కను కాగితముపై తామే చేసి చూడవచ్చును.

శత్రువు తలపు ఏమైయుండునను విషయము ఇంతకంటె లోతైనది. ఆట కారంభమున శత్రువు చేయదగిన పనులను మూడు వ్రాయుడు: వాని స్థితినిబట్టి మిక్కిలి యుక్తమైనది, తరువాత యుక్తమైనది, ఎవరును తలపని సాహసము. పాచికయందు 1, 2, 3 మొదటిదానికి, 4, 5 రెండవదానికి, 6 సాహసమునకు. తన సేనను నిలిపి, తన తలపును పుస్తకమున వ్రాసిన పిమ్మటనే ఈ పాచికను వేయవలెను. ముందు వేసినవాడు తెలిసికొనియే సేనను నిలుపును. అంతటితో ఆట చెడినట్లే. పాచిక వేసిన పిమ్మట శత్రువును ఆ తలపునకు లోబడి, చేతనైనంత తెలివిగా నడుపవలెను. వాని సేనలో మూడవవంతు నశించినప్పుడు మరల నొకమారు పాచికవేసి, పట్టుదలతో సాగునో, వెనుకకు తగ్గునో చూడవలెను. తలపును మాటిమాటికి మార్చరాదు. ప్రతి వంతునను మనసు మార్చుకొను శత్రువు గాలిపటమువంటివాడు; వానిని గెలిచిన గౌరవము లేదు.

తలపు తెలిసినను దళముల చోటు తెలియకుండ చేయవచ్చును. దీనికి మన దేశచరిత్రనుండి చక్కని యుదాహరణము కలదు. 1758 డిసెంబరు మాసమున పిఠాపురము చెంత చందుర్తియొద్ద, కర్నలు ఫోర్డు సేనకును, కాన్‌ఫ్లాన్సు నడపిన ఫ్రెంచిసేనకును యుద్ధము జరిగెను. విజయనగరప్రభువైన ఆనందగజపతి ఫోర్డు పక్షమున నుండెను. ఇరువురికిని నడుమ ఐరోపా సైనికులును, ప్రక్కల సిపాయీలును ఉండిరి. ఆంగ్లేయుల ఐరోపాదళము ఎత్తుగ పెరిగిన పైరుచాటున పడి కనబడకపోయెను. ఎర్ర అంగీలు తొడిగిన సిపాయీలను చూచి వీరే ఆ ఐరోపాదళమని భ్రమించి ఫ్రెంచివారు వారిపై బడిరి. అంతట పైరుచాటునుండి అసలుదళము వచ్చి వారి ప్రక్కను తాకెను. ఫోర్డు గెలిచెను, మరుసటి సంవత్సరము ఏప్రిలులో మచిలీబందరు కోటయు ఫ్రెంచివారి చేయిజారెను. చూడుడు, ఒక చేనిపైరు, అంగీల రంగు ఎంతపని చేసినవో!

ఈ యుద్ధమును ఒంటరిగా ఆడదలచిన బాలుడు, తాను కాన్‌ఫ్లాన్సు పక్షము వహించినచో, ఫోర్డుయొక్క దళముల పేర్లను ముక్కలపై వ్రాసి, వానికి రెండు వట్టి ముక్కలను చేర్చి, కలిపి, బోర్లించి బల్లపై వరుసగా పరువవలెను. ముక్కలు ముందుకు నడచుచుండును. ఏది ఐరోపాదళమో, ఏది సిపాయీలో, ఏది వట్టిదో ఆటగానికి తెలియదు. తన దళమేదైన రెండు జానల దూరమునకు వచ్చినప్పుడు ముక్కను తిప్పి, దానిపై నున్న దళమును నిలుపవలెను. వట్టి ముక్క యైనచో ఆవులమంద లేపిన ధూళిని చూచి సేన యనుకొన్నట్లు. కాన్‌ఫ్లాన్సు పడిన భ్రమలోనే ఆటగాడును పడును. వాని నెవ్వరును మోసగింపలేదు, తన్ను తాను మోసగించుకొనను లేదు. మంచముమీది బాలునకు నేను మొదట నేర్పినది ఈ యుపాయమే. మూడుదినముల పిమ్మట వాడు రెండు మారులు ఓడితినని సంతోషముతో చెప్పెను.

తోడ్పాటుసేనల రాకను గూర్చి యుద్ధచరిత్రలు నిండియున్నవి. 1800 జూన్ 14వ తేదీన మారెంగోయొద్ద, ఓడిపోవుచున్న బొనపార్టుకు సాయంకాలమునకు దెసే అను సేనాని తిరిగివచ్చుటచే జయము కలిగెను. 1815 జూన్ 18వ తేదీన వాటర్లూయొద్ద ప్రష్యనులు సాయంకాలము నాలుగున్నరప్రాంతమున రణమున ప్రవేశించిరి. వారిని వెంబడింప నెపోలియను పంపిన గ్రూషీ సుమారు 33,000 మందితో వావ్రుయొద్ద చిక్కుకొని రానే లేదు. బల్లమీద వాటర్లూను ఆడువాడు ప్రష్యనులను సరిగా నాలుగున్నరకు తెచ్చినచో అది పాఠము వల్లించుట యగును. నెపోలియను ఆ వేళను ఎరుగడు.

ఇందుకు ఇట్లు చేయుడు. సేన రాదగిన మొదటి వంతున పాచికయందు 6 పడిన వచ్చినట్లు. రెండవ వంతున 5 గాని 6 గాని. మూడవ వంతున 4 మొదలు 6 వరకు. ఇట్లు అవకాశమును పెంచుచు పోవలెను. లెక్కించినయెడల మొదటి వంతున వచ్చుట నూటికి 17, రెండవదానను మూడవదానను 28 చొప్పున, నాలుగవదాన 18కి పైన, అయిదవదాన 8కి లోపల. ఆరవ వంతు దాటుట లేదు. అట్లు కాక ప్రతి వంతునను 6 పడవలెనని నియమించినచో, ఆరు వంతులు గడచినను రాకుండుట నూటికి 33 కలదు. ఆటగాడు కాచుకొని కాచుకొని లేచిపోవును. కొన్ని సేనలు గ్రూషీవలె అసలే రాకుండుట కావలెనన్నచో, ఆట మొదట మరియొక పాచిక వేయించి, దానిని చూడక గిన్నెక్రింద కప్పియుంచి, సేన రావలసిన వంతున ఎత్తవలెను. 1 ఉన్నచో ఆ సేన రాదు. గిన్నె ఎత్తునప్పటి యాతురత చెప్పశక్యము కాదు.

ఆజ్ఞలు చెడుటకు బాలక్లావా ప్రసిద్ధము. 1854 అక్టోబరు 25వ తేదీన కొండమీద నున్న రాగ్లను ప్రభువు, శత్రువులు ఫిరంగులను తీసికొనిపోకుండ అడ్డవలెనని అశ్వదళమునకు చీటి పంపెను. కొండమీదివానికి కనబడిన ఫిరంగులు లోయలోనివారికి కనబడవు. చీటి తెచ్చిన నోలను ఏ ఫిరంగులని యడుగగా చేయిచాచి చూపెనట. ఆ చేయి లోయకొనవైపు చూపెనని తలచి సుమారు 670 మంది రౌతులు మూడు దిక్కుల ఫిరంగుల నడుమకు పోయిరి. ఇచ్చట శూరత లోపింపలేదు, బుద్ధియు పూర్తిగా లోపింపలేదు. ఒకరు చూచినది మరియొకరు చూడలేదు, అంతియే.

దీనిని బల్లమీదికి తెచ్చుట సులభము. ప్రధానసేనాని తన చెంత లేని దళమున కాజ్ఞ పంపినప్పుడెల్ల రెండు పాచికలు వేయవలెను. 5 మొదలు 12 వరకు ఆజ్ఞ చక్కగ నందినది. 3 గాని 4 గాని పడిన ఒక వంతు ఆలస్యము. 2 పడిన ఆజ్ఞ తారుమారైనది. ఆ దళము తనకు కనబడు మిక్కిలి దగ్గరి శత్రువుపై బడును. తారుమారగుట 36లో నొకటి మాత్రమే, ఆలస్యము 36లో 5. ఇంతకు మించనీయరాదు. దళపతుల స్వభావములనుకూడ ముక్కలతో నిర్ణయించుకొనవచ్చును: ఆఠీను వచ్చిన సాహసి, కళావరు వచ్చిన మొండి, డైమను వచ్చిన జాగరూకుడు, ఇస్పేటు వచ్చిన పిరికి. సాహసికి ఆగుమని చెప్పినప్పుడును, పిరికికి దూకుమని చెప్పినప్పుడును పాచికలమొత్తమున ఒకటి తగ్గింపవలెను. ఇరుపక్షములకును ఒకే నియమము. మనపక్షపు దళపతులందరు విధేయులు, శత్రువు దళపతులు మాత్రమే అవివేకులు అని యేర్పరచుకొనుట తగదు.

ఎన్ని నియమములు వ్రాసికొన్నను సందేహములు మిగులును. వంతెన ఫిరంగిబరువును మోయునా? గ్రామస్థులు దారి చూపుదురా? మధ్యవర్తి యుండిన ఆతడు చెప్పును. లేనప్పుడు ప్రశ్నను అవునో కాదో యని తేలునట్లు అడిగి, అవుననుటకు ఎంత యవకాశమో పాచిక వేయుటకు ముందే పైకి పలికి, ఒక్కమారే వేయవలెను. “సమానము” అన్నచో 4, 5, 6 అవును; “చాలవరకు అవును” అన్నచో 3 మొదలు 6. ముందు పలుకకుండ వేసినవాడు, పడినదానినిబట్టి అవకాశమును కొలుచును. “ఈ పాచిక బల్లయంచున పడినది, లెక్కకు రాదు” అని రెండవమారు వేయువానిని ఎవ్వరు పట్టుకొందురు? ఎవ్వరును పట్టుకొనరు. వాని యాట మాత్రము ఆ క్షణమున చచ్చును. పిమ్మట పదినిమిషములలో వాడే బొమ్మలను పెట్టెలో వేయును. ప్రతి పాచికను, ప్రతి ముక్కను వరుసగ నొక పుస్తకమున వ్రాసికొనుట మంచిది. రెండవమారు వేయవలెనను కోర్కెను ఆ వ్రాత చాలవరకు అణచును. మరియు యుద్ధము ముగిసిన పిమ్మట అదియే చదువదగిన యొక చరిత్రయగును.

ఈ యుపాయములనన్నిటిని ఒకే యాటలో కుక్కరాదు. నే నెరిగిన మరియొక బాలుడు వాన, బురద, పుకారు, జ్వరము, తడిసిన మందుగుండు, తప్పిపోయిన దూత, అన్నిటికిని పట్టికలు వ్రాసెను. వాని రెండు సేనలును రెండుగంటలు పట్టికలు చదివి ఒకదాని నొకటి చూడకయే సాయంకాలము చేసికొన్నవి. ఒక యుద్ధమున రెండు ఉపాయములు చాలును, మూడు మించరాదు. ఏవి కావలెనో ఆ యుద్ధపు స్వభావమే చెప్పును. చందుర్తికి బోర్లించిన ముక్కలు, వాటర్లూకు సేనల రాక, బాలక్లావాకు ఆజ్ఞల చీటీలు.

పాచికలనగానే తల్లిదండ్రులలో కొందరికి జూదము గుర్తువచ్చుట సహజము. ధర్మరాజును చెరచినది పాచిక కాదు, పణము. ఇందు పణము లేదు. ఒంటరివాడు ఎవనితో పణమొడ్డును? న్యాయముగ నిర్ణయింపవలసినప్పుడు చీట్లు వేయుట వేదపుస్తకమునను కనబడుచున్నదే. యుద్ధమనగానే ఆక్షేపించువారు కొందరున్నారు. వారితో నేను వాదింపను. అయితే వెల్సు తన పుస్తకపు కడపటి భాగమున, ఈ చిన్న యుద్ధములలో ఇన్ని పొరపాట్లు చేయువారము నిజమైన మహాయుద్ధమున నేమి చేయుదుమో చూచుకొనుడని హెచ్చరించెను. అది వెలువడిన మరుసటి సంవత్సరమే ఐరోపాలో మహాయుద్ధము పుట్టెను.

మొదటి యాటకు పక్షమునకు ఐదు దళములు మించకుండుట మేలు. పదిపండ్రెండు ముక్కలు, రెండు పాచికలు, ఒక గిన్నె, ఒక వ్రాతపుస్తకము కావలెను. చందుర్తినే ఎత్తుకొన్నచో ఒక ప్రక్క చేనిపైరునకు గుర్తుగా పచ్చని గుడ్డపేలిక వేసి, దాని వెనుక నున్న ముక్కను ఒక జానెడు దూరమునకు వచ్చువరకు తిప్పరాదని చేర్చుకొనవలెను. ఆట దీపమార్పు వేళకు ముగియనియెడల బల్లను కదపక, ఏ ముక్కవరకు తీసితిరో పుస్తకమున గుర్తించి, మరునాడు మిగిలినది సాగింపవచ్చును. ఇంటికి పోవలెనని తొందరపెట్టు ఎదుటివాడు లేడు గదా.